మా అత్త సీసాలోని తేలు

మా మేనత్తకీ నాకూ ఏనాడూ పడలేదు. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. సునామీలో మొగుణ్ణీ ఇంటినీ పోగొట్టుకున్న మనిషి గురించి చెబుతున్నానంటే వినేవాళ్ళు వెంటనే మొహం దిగాలుగా పెట్టేస్తారు. మా అత్త ముందు అలా మొహం పెట్టినవాళ్ళు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడ నోరు అలాంటిది. నా నోరూ తక్కువ తిన్నదేం కాదు, ఒకటే వంశం కదా.

సునామీ వచ్చిన ఏడు నేను పోర్ట్ బ్లెయిర్‌లో పన్నెండో తరగతి చదువుతున్నాను. జంగ్లీఘాట్‌లో మాది రెండు గదుల ఇల్లు. నాన్న వేటకి వెళ్ళేవాడు, అమ్మ చేపలు అమ్మేది. తాతల కాలంలో శ్రీకాకుళం ఒడ్డు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం మాది. అత్తా మావయ్యా మాత్రం ఇంకా దక్షిణాన, కాంప్‌బెల్ బే దాటాక ఒక చిన్న తీరగ్రామంలో ఉండేవారు. అక్కడ వాళ్ళకో పడవ, ఒక ఇల్లు, ఇంటి వెనక పది కొబ్బరిచెట్లు. సముద్రం వాటినన్నిటినీ ఎత్తుకుపోయింది. ఊరు మునిగి మళ్ళీ తేలడం కాదు, భూకంపానికి అక్కడ నేలే కిందికి కుంగిపోయింది. మావయ్య ఇల్లున్న చోట ఇప్పుడు పోటుకీ సముద్రమే, ఆటుకీ సముద్రమే.

అత్త ఎలా బతికిందంటే, ఒక తేలు వల్ల బతికింది. ఆ ఉదయం భూమి ఊగినప్పుడు గట్టు మీద ఇంట్లో ఒకావిడ బయటికి పరిగెడుతూ కట్టెల మోపు మీద చెయ్యి వేసింది. కట్టెల్లో ఉన్న తేలు కుట్టింది. మా అత్త దగ్గర తేలు నూనె ఉంటుందని ఊరందరికీ తెలుసు. కబురు రాగానే సీసా పట్టుకుని గట్టెక్కింది. మావయ్య పడవ ఎలా ఉందో చూసొస్తానని ఒడ్డుకి దిగాడు. ఆయన శవం కూడా దొరకలేదు.

తేలు నూనె అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. బతికున్న తేలుని పట్టి కొబ్బరినూనెలో వేసి మూత బిగిస్తారు. నలభై రోజులు ఎండలో పెడతారు. ఎవరినైనా తేలు కుడితే కోడి ఈకతో ఆ నూనె తీసి కుట్టినచోట రాస్తారు. నూనె తగ్గినప్పుడల్లా పైన కొత్త నూనె పోస్తూ ఉంటారు, తేలు మాత్రం అదే. దీనికి ఒక నియమం ఉంది. తేలు చెక్కుచెదరకుండా ఉండాలి. ఎనిమిది కాళ్ళు, రెండు డెక్కలు, తోక, తోక చివర ముల్లు. ఇందులో ఏ ఒక్కటి విరిగినా అది మందు కాదు, ఉట్టి జిడ్డు. ఈ నియమం మా వాళ్ళలో ఎంత గట్టిదంటే, తేలుని సీసాలో వేసేటప్పుడు డెక్క విరిగితే నూనెంతా మట్టిలో పారబోసి, మళ్ళీ ఇంకో తేలు కోసం వెతుక్కుంటారు. మా అత్త సీసాలో తేలుని వేసింది మావయ్య. తాటాకు ముక్కతో పట్టి, ఒక్క కాలు నలగకుండా దించాడని ఆవిడ వందసార్లు చెప్పింది. మావయ్య గురించి ఆవిడ మెచ్చుకుని చెప్పిన మాట నేను విన్నది అదొక్కటే.

పదిహేను రోజుల తర్వాత ఓడ దిగిన అత్త ఒంటి మీద ఎవరో ఇచ్చిన చీర, చేతిలో ఆ సీసా ఉన్నాయి. పచ్చడి వేసుకునే వెడల్పు మూతి సీసా. అత్త ఆర్నెల్లు మా ఇంట్లో ఉంది. ఆ ఆర్నెల్లూ నాకు నరకం. నేను పుస్తకం తీస్తే ఆవిడకి ఒళ్ళు మండేది. "ఈ గుంట సదివి ఏటి సేస్తాది? సముద్రానికి సదువొచ్చా, మమ్మల్ని ముంచింది?" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. నీకు చదువొస్తే భూకంపం వచ్చాక ఒడ్డుకి పోకూడదని మావయ్యకి చెప్పేదానివి అన్నాను ఒకరోజు. అమ్మ నా చెంప పగలగొట్టింది. అత్త అన్నం కంచం ముందుకి తోసేసి లేచిపోయింది. పదిహేడేళ్ళ వయసులో అన్న మాట అది. దానికి వయసు సాకు కాదని నాకు తెలుసు.

తర్వాత ఆవిడకి రేకుల షెల్టర్‌లో ఒక గది ఇచ్చారు. పగలు పెనంలా కాలే గదులు అవి. నేల మీద పేర్చిన చెక్కల కింద తేళ్ళు చేరేవి. వారానికొకరినైనా కుట్టేవి. అందరూ మా అత్త గుమ్మానికే వచ్చేవారు. తెలుగువాళ్ళు, బెంగాలీలు, తమిళులు, అందరికీ ఆవిడ "బిచ్ఛూవాలీ దీదీ", అంటే తేళ్ళ అక్క. ఏమీ మిగలని మనిషికి ఆ సీసా వల్ల ఒక పేరు మిగిలింది. నూనెతో నొప్పి నిజంగా తగ్గేదా అని అడగకండి. మా దీవుల్లో ఇళ్ళలో తిరిగే తేళ్ళు ప్రాణాలు తీసేవి కావు. రెండు గంటలు ఓర్చుకుంటే ఎలాగూ తగ్గుతుంది. అయినా ఆ రెండు గంటలూ పక్కన కూర్చుని తిట్టడానికి ఒక మనిషి ఉండేది. షెల్టర్లు ఎత్తేశాక కాంప్‌బెల్ బేలో కొత్త ఇల్లు ఇస్తామన్నా ఆవిడ వెళ్ళలేదు. ఆ నీళ్ళ మొహం చూడనంది. తుష్నాబాద్‌లో తెలిసినవాళ్ళ పోకతోటలో ఒక గది తీసుకుని, కొబ్బరికాయలు ఒలిచి బతకడం మొదలుపెట్టింది. సీసా అక్కడ కూడా కిటికీ పక్కన గూట్లో కూర్చుంది.

నేను చదువు మానలేదు. జువాలజీ చదివి, తేళ్ళ మీద పరిశోధనలో చేరాను. మా ఇంట్లో దీనికి నవ్వని మనిషి లేడు. వేటకెళ్ళేవాడి కూతురు చేపల మీద చదవకుండా తేళ్ళ మీద చదవడమేమిటని నాన్న జెట్టీ దగ్గర అందరితో అనేవాడట.

పని ఇదీ. తేలుని చూసి ఇది ఫలానా జాతి అని చెప్పడం పైకి కనిపించినంత తేలిక కాదు. రంగు మారుతుంది, పిల్ల ఒకలా, పెద్దది ఒకలా ఉంటుంది. అచ్చం ఒకేలా ఉన్న రెండు తేళ్ళు లోపల వేరువేరు జాతులు కావచ్చు. అందుకని తేలు కాలు ఒకటి కత్తిరించి, అందులోంచి డీఎన్‌ఏ తీసి, ఒక చిన్న ముక్కని మాత్రం చదువుతాం. నాలుగు అక్షరాలే, అవే మారి మారి వచ్చి ఆరు వందల పైచిలుకు అక్షరాల వరస. గోల్ ఘర్ బజారు దుకాణంలో సబ్బు మీద గీతలు చూపిస్తే మెషిన్ దాని పేరు చెప్పినట్టు, ఈ వరస చూస్తే జాతి పేరు తెలుస్తుంది. దాన్ని బార్‌కోడ్ అనే అంటారు. ఒక దీవి తేలుకీ ఇంకో దీవి తేలుకీ మధ్య ఎన్ని అక్షరాలు మారాయో లెక్కేస్తే, అవి ఎప్పుడు విడిపోయాయో కూడా ఒక అంచనా దొరుకుతుంది.

మా గైడ్‌ని మేము సార్ అనేవాళ్ళం. మెయిన్‌లాండ్ నుంచి వచ్చినాయన. ఆయనకి తేలు అక్కర్లేదు, తేలు కాలు కావాలి. నేను చిరియాతాపూ అడవిలో దుంగలు ఎత్తి, కొబ్బరి తొక్కల గుట్టలు తిరగేసి, మూడుసార్లు కుట్టించుకుని తెచ్చిన తేళ్ళని ఆయన చూసేవాడు కూడా కాదు. కాలు వేసిన గొట్టం మీద నంబర్ చూసేవాడు. ఉత్తర అండమాన్ నుంచి కింద దాకా ప్రతి దీవి నుంచీ తేళ్ళు వచ్చాయి. మ్యాపులో ఒక్కచోటే ఖాళీ మిగిలింది. కాంప్‌బెల్ బే దిగువ తీరం. నేనే వెళ్ళాను. ఎండిపోయిన కొబ్బరి మొండేలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. ఒడ్డు ఉన్న చోట ఒడ్డు లేదు. లోపలి అడవిలోకి మాకు పర్మిట్ లేదు. మూడు రోజులు తిరిగి ఉత్త చేతులతో ఓడెక్కాను.

"వో ఏరియా కే బినా పేపర్ నహీ బనేగా," అన్నాడు సార్. ఆ ప్రాంతం లేకపోతే పేపర్ లేదు, పేపర్ లేకపోతే నా ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించరు. అప్పుడు నేను నోరు జారాను. మునిగిపోయిన ఆ ఊరి తేలు ఒకటి తుష్నాబాద్‌లో, మా అత్త దగ్గర, నూనె సీసాలో ఉందని చెప్పాను. ఆయన మొట్టమొదటిసారి తలెత్తి నా మొహం చూశాడు.

నిజం చెప్పాలంటే ఆశ ఆయన ఒక్కడికే కాదు. ఆ సీసాని నేను చిన్నప్పటి నుంచీ గాజులోంచి చూస్తున్నాను. ఆ తేలు పాలిపోయి, తోక సన్నగా, పొడుగ్గా ఉండేది. నేను పట్టిన ఏ తేలూ అలా లేదు. సముద్రం మింగేసిన ఒడ్డు మీద మాత్రమే బతికిన జాతి అయితే? లోకంలో మిగిలిన ఒకే ఒక్కటి మా అత్త గూట్లో ఉంటే? కొత్త జాతికి పేరు పెట్టే హక్కు కనిపెట్టినవాళ్ళది. మావయ్య పేరు పెడదామనుకున్నాను. అలా పెడితే పదిహేడేళ్ళ వయసులో అన్న మాటకి చెల్లు అయిపోతుందనుకున్నాను.

మొదట అడిగాను. తెలివిగా అడిగానని అనుకున్నాను కూడా. అత్త వాకిట్లో కూర్చుని, నేలలో పాతిన ఇనప మొనకి కాయ గుచ్చి తొక్క వలుస్తోంది.

"ఒక్క కాలు అత్తా. చిన్న కాలు. మిగతాదంతా నీ దగ్గరే ఉంటుంది."

"కాలు తీసీసినాక అది మందెలాగవుద్దే?"

"మందు సంగతి తర్వాత. మీ ఊరి తేలు ఇంకెక్కడా లేదేమో, అది తెలుస్తుంది. మావయ్య పేరు పెడతాను దానికి."

ఆవిడ చేతిలో కాయ ఆపింది.

"సునామీ ఎల్లినాక ఎంతమంది ఒచ్చినారో ఎరికేనా నీకు? ఫొటో తీసినారు. పేరు రాసినారు. ఎంతమంది సచ్చినారు, ఎలాగ సచ్చినారు, నువ్వెలాగ బతికినావు అని అడిగినారు. అందరూ రాసుకోని ఎలిపోనారు. ఇప్పుడు నువ్వు. సొంత అన్న కూతురివి. నువ్వు కూడా కాయితం అట్టుకోని ఒచ్చీసినావు."

"నేను అలాంటిదాన్ని కాదు."

"నువ్వు ఆల్లకంటే తక్కువే. ఆల్లు మాటలే అట్టుకెల్లినారు. నువ్వు కాలు అడగతన్నావు. నాను ఇవ్వను. బస్, ఖతం."

నేనూ రెచ్చిపోయాను. ఆ నూనెలో మందూ లేదు మాకూ లేదు, అదంతా పిచ్చి నమ్మకం, తేలు నొప్పి దానంతటదే తగ్గుతుంది, నువ్వు జనాన్ని మోసం చేస్తున్నావన్నాను. ఆవిడ కొబ్బరి తొక్క ఒకటి తీసి నా కాళ్ళ దగ్గరికి విసిరింది. తగల్లేదు. తగిలించాలని విసరలేదనుకుంటాను, అత్త గురి ఎప్పుడూ తప్పదు.

పది రోజులాగి మళ్ళీ వెళ్ళాను. అమ్మ పంపిందని చెప్పి ఎండుచేపలు తీసుకెళ్ళాను. అత్త వాటిని వాసన చూసి, నీళ్ళు తెస్తానని బిందె పట్టుకుని తోట చివర కుళాయికి వెళ్ళింది. నాకు దొరికింది ఆ కాస్త సమయమే. సంచిలో చేతి తొడుగులున్నాయి, చిమటా ఉంది, ఆల్కహాల్ పోసిన చిన్న గొట్టం ఉంది. పని నేర్పిన మొదటి రోజే సార్ చెప్పిన మాట, ఉట్టి చేత్తో శాంపిల్ ముట్టుకోవద్దు. ఆ మాటని నేను ఎంతమంది జూనియర్ల నెత్తిన మొట్టి చెప్పానో లెక్కలేదు. కానీ దొంగతనానికి వెళ్ళిన మనిషి తొడుగులు తొడుక్కుంటూ కూర్చుంటుందా? మూత తిప్పి, రెండు వేళ్ళు నూనెలో ముంచి, వెనక కాలు పట్టుకుని తుంచాను. ఎండుపుల్ల విరిగినట్టు విరిగింది. మూత పెట్టేసరికి బిందె చప్పుడు గుమ్మంలోకి వచ్చేసింది. గొట్టం సంచి అడుగున ఉంది. కాలు నా గుప్పిట్లో ఉండిపోయింది.

అత్త ఆరోజు ఎందుకో నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి వచ్చింది. దారంతా తిడుతూనే ఉంది, పెళ్ళి చేసుకోనందుకు, చిక్కిపోయినందుకు, ఎండుచేపలకి ఉప్పు సరిగ్గా పట్టనందుకు. నేను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తేలు కుట్టిన దొంగ సామెత మీకూ తెలుసు, నాకూ తెలుసు, ఇక్కడ దాన్ని ఎవరూ నాకు గుర్తు చెయ్యక్కర్లేదు. బస్సు వచ్చాక ఆవిడ కొంగులోంచి రెండు నిమ్మకాయలు తీసి ఇవ్వబోయింది. ఎడమ చెయ్యి చాపాను. పెద్దవాళ్ళు ఇచ్చింది ఎడమ చేత్తో తీసుకోవడం ఏ ఇంట నేర్పారని అడుగుతుందనుకున్నాను. ఆవిడ నిమ్మకాయలు నా సంచిలో పడేసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. బస్సులో జనం ఒకరి మీద ఒకరు ఉన్నారు. సంచి తెరిచే చోటు కూడా లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగేదాకా ఆ కాలు నా చెమటలో నానింది.

లేబొరేటరీలో చెయ్యాల్సినవన్నీ చేశాను. కాలుని కడిగాను, నూరాను, రసాయనాలు పోశాను, వేడి చేశాను, చల్లార్చాను. అన్నేళ్ళు నూనెలో ఉన్న దానిలోంచి ఏమీ రాదని సార్ అనుకున్నాడు. వచ్చింది. ముక్కని మెయిన్‌లాండ్‌కి పంపాం, మూడు వారాల తర్వాత వరస మెయిల్‌లో వచ్చింది. శుభ్రమైన వరస. నేను దాన్ని డేటాబేస్‌లో వేసి, పేరు కోసం ఎదురు చూశాను. ఆ క్షణంలో నాకు మావయ్య పేరు నోటి చివరే ఉంది.

మెషిన్ చెప్పిన పేరు తేలు జాతిది కాదు. మనిషిది.

ఇలాంటిది జరుగుతూనే ఉంటుంది. తేలు డీఎన్‌ఏ పాతబడి చిరిగిపోయి ఉంటే, దాని మీద అంటుకున్న కొత్త మనిషి చెమటే ముందు చదవబడుతుంది. అందుకే మా దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరి వరసా ఒక ఫైల్లో దాచి ఉంచుతాం, కల్తీ ఎవరి చేతిదో పట్టుకోవడానికి. ఆ ముక్కలో మనిషికీ మనిషికీ తేడాలు చాలా తక్కువ, చాలామందికి ఉండవు కూడా. నాకు ఒకచోట ఒక అక్షరం తేడా ఉంది. అందరికీ ఉన్న అక్షరం నాకు లేదు. సీసాలోంచి వచ్చిన వరసలో సరిగ్గా అక్కడే, సరిగ్గా నా అక్షరమే ఉంది. పోలీసు కుక్క తిన్నగా వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చున్నట్టయింది.

సార్ స్క్రీన్ చూశాడు, నన్ను చూశాడు. కోపం కూడా రాలేదు ఆయనకి.

"గ్లవ్స్ నహీ పెహనా? ఠీక్ హై. సాత్ పైర్ ఔర్ హై నా?"

తొడుగులు వేసుకోలేదా, పోనీ, ఇంకా ఏడు కాళ్ళున్నాయి కదా అన్నాడు. ఆ మనిషిని ఆ క్షణంలో ఎంత అసహ్యించుకున్నానో మాటల్లో చెప్పలేను. అసహ్యించుకుంటూనే మర్నాడు తుష్నాబాద్ బస్సెక్కాను. ఆయన్ని తిట్టడం ఎందుకు, వెళ్ళింది నా కాళ్ళే.

గూట్లో సీసా లేదు. అత్త వాకిట్లో లేదు, లోపల మంచం మీద కూర్చుని ఉంది. పక్క తోటలో పనిచేసే మనిషిని ముందురోజు వేలి మీద తేలు కుట్టిందట. పరిగెత్తుకుంటూ ఇక్కడికే వచ్చాడట. అత్త ఇవ్వనందట. నా దగ్గర మందు లేదు, ఆసుపత్రికి పో అందట. అతను ఆసుపత్రికి వెళ్ళి సూది వేయించుకుని బాగానే ఉన్నాడు. కానీ బిచ్ఛూవాలీ దీదీ మనిషిని గుమ్మంలోంచి తిప్పి పంపిందని తుష్నాబాద్ అంతా పొద్దుటి నుంచీ అదే మాట. బస్సులోనే విన్నాను నేను. పోరుబాట పట్టిన మనిషిలా ఉంటుందనుకున్నాను. అత్త ఊరికే కూర్చుని ఉంది.

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"నువ్వు బస్సెక్కినాక ఇంటికొచ్చి లెక్కెట్టుకున్నాను. ఏడున్నాయి."

"మరి వాళ్ళకేం తెలుసు అత్తా? నూనె రాసి పంపించేస్తే పోయేది కదా."

"ఆల్లకి తెలీదు. నాకు తెలుసు కదే."

జనాన్ని మోసం చేస్తున్నావని నేను తిట్టింది ఈవిడనే. అరిచి, తిట్టి, జుట్టు పట్టుకుంటుందని సిద్ధపడి వెళ్ళాను. ఆవిడ మంచం కింద నుంచి సీసా తీసి నా ముందు నేల మీద పెట్టింది.

"అట్టుకుపో. మిగిలినయ్యి కూడా తీసుకో. ఇంక నాకెందుకది?"

వద్దని అనాలి. మంచి మనిషైతే ఎవరైనా వద్దనే అంటారు. నేను సంచిలోంచి తొడుగులు తీసి తొడుక్కున్నాను. ఆవిడ నా చేతుల వంక చూస్తూ కూర్చుంది.

"రోగం నీకా, తేలుకా?" అంది.

చిమటాతో ఇంకో కాలు తీసి గొట్టంలో వేశాను, ఆవిడ కళ్ళ ముందే. సీసా అక్కడే వదిలేసి వచ్చాను. అదొక్కటే నేను చేసిన మర్యాద, అదేమంత మర్యాదో నాకు తెలియదు.

ఈసారి తేలే వచ్చింది. వరస సగం సగంగా, అక్కడక్కడా చిరిగి వచ్చింది, కానీ పేరు చెప్పడానికి సరిపోయింది. కొత్త జాతి కాదు. కొత్త దానికి చుట్టం కూడా కాదు. ఓడల్లో సరుకు మూటల మధ్య దూరి లోకంలో వేడి దేశాలన్నిటికీ వెళ్ళిన మామూలు ఇంటి తేలు. ఎప్పుడో వంద రెండొందల ఏళ్ళ కింద ఎవరో తెల్లవాడు పేరు పెట్టేశాడు. జంగ్లీఘాట్‌లో మా వంటింటి గోడలో ఉంటుంది, షెల్టర్ చెక్కల కింద ఉండేది, తుష్నాబాద్‌లో నేనే అత్త వాకిట్లోంచి రెండు పట్టుకెళ్ళాను. వాటికీ దీనికీ చదవగలిగినంత మేరా ఒక్క అక్షరం తేడా లేదు. ఒంటి మీది మచ్చలు నూనెలో కరిగిపోయి పాలిపోయింది, అంతే. సన్నని తోక మగదానికి మామూలే. ఇవన్నీ నాకు ముందే తట్టాల్సింది. తట్టలేదు, ఎందుకంటే తట్టకూడదనుకున్నాను.

ఫెలోషిప్ పొడిగించారు. మ్యాపులో ఖాళీ చోట ఒక చుక్క పెట్టి, ఇదే జాతి అని రాశాం. సార్ సంతోషించాడు. ఆయనకి చుక్క పడితే చాలు.

నాకు మాత్రం ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. తేలు అదే అయినప్పుడు మందు మళ్ళీ చేసుకోవచ్చు కదా. ఈ మాట చెప్పడానికి, పచ్చడి సీసా ఒకటి కొని, కొబ్బరినూనె పోయించుకుని, ఆదివారం తుష్నాబాద్ వెళ్ళాను. దారిలో ఎలా చెప్పాలో కూడా సర్దుకున్నాను. అత్త వాకిట్లో కాయలు వలుస్తోంది. పక్కన తొక్కల గుట్ట నడుమెత్తు ఉంది. నేను సీసా కింద పెట్టి, తొక్కలు నాలుగు తిరగేసి, ఐదో దాని కింద మట్టిరంగు తేలుని పట్టాను. తాటాకు ముక్కతోనే పట్టాను, ఒక్క కాలు నలగకుండా.

"ఇదే అత్తా అది. మెషిన్‌లో చూశాను. మీ ఊరి తేలూ ఇదీ ఒకటే. అక్షరం తేడా లేదు. ఇందులో వేసి నలభై రోజులు ఎండలో పెట్టుకో. మళ్ళీ అందరూ వస్తారు."

అత్త తేలుని చూసింది. సీసాని చూసింది. నేను ఇంతదూరం మోసుకొచ్చిన మాటనంతా విని, ఇంకో కాయ తీసి మొనకి గుచ్చింది.

"తేలు అదే, నేదన్నానా? మా ఇంటెనక ఉన్నయ్యీ ఇయ్యే, ఇక్కడున్నయ్యీ ఇయ్యే. ఆ మాత్రం తెలుసుకోడానికి నువ్వు ఇన్నేల్లు సదవాలా?"

నేను తాటాకు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"అందులో ఏసిన సెయ్యి ఉందా నీ మెషిన్‌లో? అది తే. అప్పుడు పెడతాను ఎండలో."

ఆ సీసా మీద మావయ్య వేళ్ళు పడ్డ తర్వాత, నేను ముంచేదాకా, అన్నేళ్ళలో ఇంకెవరి వేళ్ళూ అందులోకి దిగలేదు. అత్త ఎప్పుడూ ఈకే ముంచేది. మొదటిసారి మెషిన్ ఒక మనిషి చేతిని చూపించింది. అది నాది.

నేను తేలుని తొక్కల్లోకి వదిలేసి, అక్కడే కూర్చుని ఏడ్చాను. అత్త ఏడవలేదు, నన్ను ఓదార్చలేదు. చేతిలో కాయ వలవడం అయ్యాక, బస్సు టైమయింది పోవే అంది.